వాకిలి మందు

కుక్కపిల్లలకు లోకాన్ని పరిచయం చెయ్యడం స్వరూప ఉద్యోగం. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే ఈ మాటే చెప్పేది. విన్నవాళ్లు ముందు నవ్వేవారు, తర్వాత వివరం అడిగేవారు.

జమ్మికుంట ఊరి బయట, హుజూరాబాద్ రోడ్డు పక్కన, చూపు లేనివాళ్లకు తోడుగా నడిచే కుక్కలను తయారుచేసే కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ పుట్టిన పిల్లలను ఏడు వారాలు నిండగానే స్వరూపలాంటి ఆడవాళ్ల ఇళ్లకు పెంపకానికి ఇచ్చేవారు. మొదటి రెండు నెలలే కీలకం. ఆ రెండు నెలల్లో పిల్ల చూడని రకం మనిషి, వినని చప్పుడు, తొక్కని నేల మిగలకూడదు. గడ్డం ఉన్నవాళ్లు, బురఖా వేసుకున్నవాళ్లు, చేతికర్రతో నడిచేవాళ్లు, హెల్మెట్ తియ్యకుండా మాట్లాడేవాళ్లు, ఏడ్చే పసిపిల్లలు, పత్తి లారీలు, పెళ్లి బ్యాండు, అంగట్లో మేకలు, కోళ్ల బుట్టలు, తడి గచ్చు. దేన్నయినా ముందు దూరం నుంచి చూపించాలి. పిల్ల తోక కిందికి జారితే నాలుగడుగులు వెనక్కి రావాలి. అది తేరుకున్నాక ఒక్కడుగు ముందుకు.

కొత్తగా పనిలో చేరిన ఆడవాళ్లకు స్వరూప చెప్పే మొదటి సంగతి ఒకటే. "నీకు భయమైతే ఆ భయం తాడులకెళ్లి పిల్లకు దిగుతది. ముందు నీ గుండె నెమ్మది చేసుకో, తర్వాత తాడు పట్టుకో."

ఏడేళ్లలో ఆమె ఆరు పిల్లలను పెంచింది. ఆరోదాని దగ్గర ఓడిపోయింది. తొమ్మిది వారాల వయసులో, ఒక పెళ్లి బారాత్ పక్కన నడుస్తుంటే, దాని కాళ్ల దగ్గరే పటాకుల సరం పేలింది. ఒక్కసారే. ఆ తర్వాత నలుగురు మనుషులు కలిసి కనిపిస్తే చాలు, ఆ పిల్ల గోడకు అతుక్కుపోయి వణికేది. ఎనిమిది నెలలు తిప్పలు పడ్డా ఆ వణుకు పోలేదు. చివరికి దాన్ని ఒక మామిడితోట రైతుకు ఇచ్చేశారు. అది వెళ్లిపోయిన రోజు స్వరూప అన్నం తినలేదు.

అందుకే డాక్టర్ నిరుపమ కొత్త మందు సంగతి ఎత్తినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది స్వరూపే.

ఆ రోజు డాక్టర్ ఒక ఖాళీ గదిలోకి రెండు పిల్లలను తెప్పించింది. ఒకే ఈత పిల్లలు, పదహారు వారాల వయసు. పుట్టినప్పటి నుంచి ఆ రెండూ గొడుగు చూడలేదు. డాక్టర్ మొదటి పిల్ల ముందు నల్ల గొడుగు టప్పున తెరిచింది. అది మూత్రం పోసుకుంటూ బల్ల కిందికి దూరింది. రెండో పిల్ల ముందు తెరిచింది. అది తల పక్కకు వంచి చూసింది. నింపాదిగా నడిచి వచ్చి, గొడుగు అంచు నాకి, దాని నీడలో పడుకుంది.

"పిల్ల మెదడులో ఒక వాకిలి ఉంటుంది స్వరూపా," అంది డాక్టర్ గొడుగు ముడుస్తూ. "మూడో వారంలో తెరుచుకుంటుంది, పద్నాలుగో వారానికి మూసుకుంటుంది. తెరిచి ఉన్నప్పుడు ఎదురైనదల్లా దానికి సొంత మనుషులే, సొంత ఊరే. మూసుకున్నాక వచ్చే కొత్తదంతా శత్రువు. ఈ మందు ఆ వాకిలిని మూసుకోనివ్వదు. రోజూ పొద్దున ఒక్కో ముక్కులో ఒక్కో చుక్క."

"ఇగ భయమే ఉండదా మేడం?"

"పాత భయాలు ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్తదాన్ని చూసి బెదరదు, అంతే. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. వాకిలి తెరిచి ఉన్నన్నాళ్లు చెడు కూడా లోపలికే వస్తుంది. పటాకుల పిల్ల సంగతి నీకు తెలుసు కదా. అట్లా వచ్చింది మళ్లీ బయటికి పోదు."

మందు సీసా తాళం పెట్టెలో ఉండాలి. స్వరూప తన చేత్తోనే వెయ్యాలి. ఆమె కాగితం మీద సంతకం పెట్టింది.

ఏడో పిల్ల జొన్నరొట్టె రంగులో ఉంది. ఇంటికి తెచ్చిన గంటలోనే దానికి జొన్న అని పేరు పెట్టింది స్వరూప కూతురు లాస్య. ఆ పేరు కూడా తల్లి చెవిలోనే చెప్పింది, పక్కన కేంద్రం డ్రైవరు నిలబడి ఉన్నాడని.

లాస్యకు ఐదేళ్లు. ఇంటికి ఎవరైనా వస్తే తల్లి కొంగులో తల దాచుకునేది. జూన్‌లో బడిలో వేస్తే దీపావళి దాకా పంతులమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. తండ్రి సదానందం జిన్నింగ్ మిల్లులో మిషను నడిపేవాడు. "నా బిడ్డ నోట్లె ముత్యాలున్నయ్, రాలిపడ్తయని తెరుస్తలేదు" అని నవ్వేవాడు గానీ లోలోపల అతనికీ దిగులే.

జొన్న ఊరంతా తిరిగింది. అంగట్లో దున్నపోతు ముట్టెను ముట్టెతో ముట్టుకుంది. మంగలి దుకాణంలో కత్తెర చప్పుడుకు ఆవలించింది. పత్తి లారీ గాలి బ్రేకు బుస్సుమంటే తోక ఊపింది. ఇంత తేలికైన పిల్లను స్వరూప ఎన్నడూ చూడలేదు. ఒక్క మందు దగ్గరే పేచీ. సీసా చూడగానే తల అటూ ఇటూ తిప్పి మంచం కిందికి పోయేది. మొదటి వారం ఆమె చేతులనిండా గీతలే.

ఒక పొద్దున పొయ్యి మీద పాలు పొంగుతుంటే లాస్య అడిగింది. "అమ్మా, నేనెయ్యాల్నా? నాకాడ మంచిగ కూసుంటది."

స్వరూప సీసా ఇచ్చింది. పాలు దించి వచ్చేసరికి పని అయిపోయింది. జొన్న బుద్ధిగా కూర్చుని ఉంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత పెట్టె తాళం తీసి సీసా లాస్య చేతిలో పెట్టడం అలవాటైంది. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె టిఫిన్ డబ్బా సర్దుకునేది.

మూడు వారాలకు బడి నుంచి పంతులమ్మ ఫోన్ చేసింది. లాస్య క్లాసులో లేచి పాట పాడిందట. స్వరూప ఫోన్ పట్టుకుని ఏడ్చింది. ఆ వారంలోనే పాలవాడితో కబుర్లు, పక్కింటి ముసలాయన ఒళ్లో కూర్చోవడం, కూరగాయల బండామెకు తన చెవిపోగులు చూపించడం. కుక్కపిల్ల తోడు వల్ల పిల్లకు ధైర్యం వచ్చిందని ఇంట్లో సంబరపడ్డారు.

సంబరం శనివారం దాకా నిలిచింది. ఆ రోజు బస్టాండు ముందు, జొన్న తాడు మణికట్టుకు చుట్టుకుని, స్వరూప జామకాయలు ఏరుతూ ఒక్క క్షణం లాస్య చెయ్యి వదిలింది. తిరిగి చూస్తే పిల్ల లేదు. ఆమె బస్టాండంతా ఉరికింది. మూత్రశాలల వెనక చూసింది, ఆగి ఉన్న బస్సులన్నీ ఎక్కి దిగింది. పావుగంట తర్వాత ఒక నడివయసు మనిషి బైకు మీద వచ్చి ఆగాడు. ముందు ట్యాంకు మీద లాస్య కూర్చుని ఉంది.

"అమ్మా, ఈ పాప నీ బిడ్డేనా? వచ్చి బండెక్కి కూసున్నది. మీ ఇల్లెక్కడ అంటే మీ ఇంటికే పోదాం పా అంటది. నాకే భయమై తిప్పుకొచ్చిన." అతని మొహం నిజంగానే పాలిపోయి ఉంది. "నేను గాబట్టి సరిపోయింది. బిడ్డకు జెర బుద్ధి చెప్పమ్మా."

స్వరూప పిల్లను కిందికి దించుకుంది. కొట్టాలని చెయ్యి లేచింది, కానీ ఆగిపోయింది. లాస్య బస్టాండు మూల కొత్తగా వచ్చిన పాములవాణ్ని చూస్తోంది. తల పక్కకు వంచి చూస్తోంది. తాడు చివర జొన్న కూడా అటే చూస్తోంది, తల పక్కకు వంచి. ఇద్దరూ ఒకేసారి బుట్ట వైపు అడుగు వేశారు.

పిల్లను ఎత్తుకుని, జొన్నను లాక్కుంటూ ఆమె ఇంటికొచ్చింది. తలుపు వేసి, పిల్ల ముందు గొంతుక్కూర్చుని అడిగింది.

"బిడ్డా, జొన్నకు మందెట్ల ఏస్తవు? చూపియ్."

లాస్య సంతోషంగా ముక్కు పైకెత్తింది. "ముందు నాకు ఏసుకుంట. చూడు జొన్నా, ఏం కాదు అని చెప్తా. తర్వాత దానికేస్త. గప్పుడు ఏడ్వదు."

"రోజూ?"

"రోజూ. రెండు ముక్కులల్ల."

డాక్టర్ నిరుపమ ఆ మాట విని కుర్చీలో నుంచి లేచి కిటికీ దగ్గరికి పోయింది. కిటికీ రెక్క మూసి ఇటు తిరిగింది.

"మనిషికి ఎవరూ వెయ్యలేదు. పాపలో ఎప్పుడో మూసుకున్న వాకిలిని కూడా తెరిచినట్టుంది. ఏమవుతుందో నాకు కుక్కలను బట్టే తెలుసు. ఇద్దరికీ మందు ఈ రోజే ఆపాం కాబట్టి నలభై రోజుల్లో వాకిలి మూసుకోవాలి."

"నలభై రోజులు కాపలా ఉంట మేడం. కన్ను మూయకుండ ఉంట."

"అది ఒక్కటే కాదు స్వరూపా." డాక్టర్ ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఈ నలభై రోజుల్లో పాపకు గట్టిగా జడుపు తగలకూడదు. కొట్టొద్దు, అరవొద్దు. పరాయివాళ్ల దగ్గరికి పోవద్దని భయపెట్టి చెప్పొద్దు. ఇప్పుడు ఏ భయం పడినా జీవితాంతం ఉంటుంది."

"నాకైతే ఇప్పట్నుంచే భయమైతాంది. నా భయం దానికి తెల్వదా?"

ఏడేళ్లుగా కొత్త ఆడవాళ్లకు స్వరూప చెబుతున్నది అదే కదా.

తలుపుకు వేపమండలు కట్టారు. అమ్మవారు పోసిందని చెబితే వాడకట్టులో ఎవరూ గడప తొక్కరు. కుక్కర్ పక్కన పెట్టి అన్నం గిన్నెలో వండింది. టీవీ తీగ పీకేసింది. పోపు చిటపటలాడకుండా కూరలు ఉడకబెట్టింది. సదానందం మిల్లుకు సెలవు పెట్టాడు. సంగతి తెలిసిన రాత్రి అతను భార్యను తిట్టాడు, కానీ పిల్ల పక్కగదిలో ఉందని గొంతు లేపకుండా, మొహాన నవ్వు చెదరకుండా తిట్టాడు. "పసిపిల్ల చేతులకు మందు సీస ఇచ్చినవా? నీకు జీతమిచ్చేది గందుకేనా?" స్వరూప కూడా నవ్వుమొహంతోనే తలూపింది. ఆమె కంట్లోంచి నీళ్లు కారి నవ్వే పెదాల మీదుగా గడ్డానికి జారాయి.

అన్నిటికంటే కష్టమైన పని భయాన్ని దాచడం. లాస్య మొదటిసారి తేలును చూసి చెయ్యి చాపినప్పుడు స్వరూప "అరె, అది నిద్రపోతాంది బిడ్డా, పా" అని మెల్లగా పక్కకు తీసుకుపోవాలి. ఆ తర్వాత స్నానాల గదిలోకి పోయి, నల్లా తిప్పి, చెంగు నోట్లో కుక్కుకుని వణకాలి. అద్దం ముందు నిలబడి కనుబొమల ముడి విప్పుకోవాలి. అప్పుడు బయటికి రావాలి. పొయ్యి కాలుతుందనీ, చాకు తెగుతుందనీ లాస్యకు ఎప్పటి నుంచో తెలుసు. వాటి జోలికి పోయేది కాదు. ఇదివరకు చూడనివే గండాలు. ఇంట్లో, పెరట్లో పిల్ల ఇదివరకు చూడనివి ఎన్ని ఉన్నాయో స్వరూపకు ఆ రోజుల్లో తెలిసివచ్చింది.

ఒక మధ్యాహ్నం పక్కలో పడుకుని లాస్య తల్లి రొమ్ము మీద అరచెయ్యి పెట్టింది. "అమ్మా, నీ గుండె ఎందుకు గట్ల ఉరుకుతాంది?"

"నీళ్ల బిందె మోసిన గద బిడ్డా. అలుపు."

"బిందె ఎప్పుడు మోసినవ్?"

స్వరూప లేచి వెళ్లి ఒక బిందె నీళ్లు మోసుకొచ్చింది.

అట్లా ముప్పై మూడు రోజులు గడిచాయి. ముప్పై నాలుగో రోజు వరంగల్‌లో పిల్లల నరాల డాక్టరు దగ్గరికి పోవాలి. నిరుపమే మాట్లాడి పెట్టింది. కేంద్రం జీపు ఇస్తానంది. జీపులో లాస్యకు వాంతులవుతాయి, దారి పొడుగునా లారీల హారన్లు. స్వరూప ఆలోచించి పొద్దున పుష్‌పుల్ రైలు బండికి పోదామంది. జమ్మికుంట స్టేషనుకు ఆమె ఆరు పిల్లలను తిప్పింది. ఏ వేళ ఏ చప్పుడో, ఏ మూల మనుషులు ఉండరో ఆమెకు కంఠతా వచ్చు. జొన్నను కూడా తీసుకున్నారు. అది పక్కనుంటే లాస్య ఒకచోట కుదురుగా ఉంటుందని.

ప్లాట్‌ఫారం చివర, జనం లేని చోట బెంచీ మీద కూర్చున్నారు. సదానందం టికెట్లకు పోయాడు. లాస్య ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో జొన్న చెవి నిమురుతోంది. స్వరూప ఇడ్లీ డబ్బా మూత తీయబోయింది. మూత బిగుసుకుంది. డబ్బాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులా తిప్పింది. ఊడింది.

తలెత్తితే పక్కన ఎవరూ లేరు.

ప్లాట్‌ఫారం వాలుగా దిగి పట్టాల్లో కలిసే చోటు నుంచి వాళ్లిద్దరూ నడుస్తున్నారు. ఒక పట్టా దాటారు, రెండోది దాటారు. నడిమి లైను మీద లాస్య చతికిలబడి కూర్చుంది. మెరుస్తున్న పట్టాను అరచేత్తో నిమిరింది. జొన్న దాన్ని వాసన చూసింది. ఉత్తరం వైపు నుంచి, ఇక్కడ ఆగని బండి వస్తోంది. దాని దీపం అప్పుడే పెద్దదవుతోంది. లాస్య దాన్ని చూసింది. తల పక్కకు వంచి, చెయ్యెత్తి ఊపింది.

స్వరూప ఉరికింది. నాలుగు అడుగుల్లోనే తెలిసిపోయింది, అందదని. ఆమెకు పటాకుల పిల్ల గుర్తొచ్చింది, డాక్టర్ మాట గుర్తొచ్చింది. పళ్లు బిగించి ఇంకో రెండడుగులు ఉరికింది. పట్టాలు జిమ్మని పాడుతున్నాయి. ఇంజను కూత మొదలవుతోంది.

ఆమె అరిచింది.

"లాస్యా!"

అది ఆమె గొంతులా లేదు. కడుపు చీల్చుకుని వచ్చినట్టుంది. టికెట్ల కిటికీ దగ్గర సదానందానికి అది ఏదో జంతువు అరుపులా వినిపించిందట. లాస్య చివాలున తల తిప్పి తల్లిని చూసింది. పిల్ల మొహంలో రంగు మొత్తం దిగిపోయింది. పిల్ల లేచి, తల్లి నుంచి దూరంగా, అవతలి వైపుకు పారిపోయింది. జొన్న తాడు ఈడ్చుకుంటూ ఆమె వెనకే పారిపోయింది.

బండి మధ్యలో నుంచి దూసుకుపోయింది. పెట్టెకూ పెట్టెకూ నడుమ సందుల్లో స్వరూపకు కూతురు కనిపిస్తూ మాయమవుతూ ఉంది. కంకర కుప్పకు వీపు ఆనించి నిలబడి ఉంది. ముఖానికి బారెడు దూరంలో అంత బండి పోతుంటే దాని వైపు చూడటం లేదు. కళ్లు విప్పార్చి, సందుల్లోంచి తల్లినే చూస్తోంది.

బండి పోయాక స్వరూప పట్టాలు దాటబోయింది. "బిడ్డా... ఏం కాలే బిడ్డా..."

లాస్య కెవ్వున కేక పెట్టి కంకర మీద పాకుతూ వెనక్కి పోయింది. ఇంతలో టికెట్ల దగ్గర నుంచి ఉరికొచ్చిన సదానందం పట్టాలు దాటి పిల్లను ఎత్తుకున్నాడు. అతని మెడ పట్టుకుని పిల్ల తడిసిన గౌనుతో వణికిపోతోంది. "నువ్వు రాకు," అని అతను చేత్తో సైగ చేశాడు. "అక్కడనే ఉండు. మాట్లాడకు."

వరంగల్ ప్రయాణం మానుకుని నేరుగా కేంద్రానికి వచ్చారు. నిరుపమ గదిలో లాస్యను మెత్తని చాప మీద కూర్చోబెట్టి బొమ్మలు పరిచారు. స్వరూప అద్దం కిటికీ వెనక నిలబడింది. రైలు బొమ్మ ఇస్తే లాస్య దాన్ని గోడ మీద నడిపించింది. తల్లి ఫోటో ఇస్తే కళ్లు దించుకుంది, కాసేపటికి దాన్ని ఒళ్లో పెట్టుకుంది. డాక్టర్ ఫోన్‌లో ఒక పాత రికార్డింగు పెట్టింది. పుట్టినరోజు నాటిది. "నా బంగారు తల్లి, కేకు కొయ్" అని స్వరూప నవ్వుతూ అంటోంది. లాస్య బల్ల కిందికి దూరి చెవులు మూసుకుంది. మూల కట్టేసి ఉన్న జొన్న నేలకు అతుక్కుపోయింది.

డాక్టర్ ఫోన్ ఆపేసింది. "రైలు కాదు. నీ మొహం కూడా కాదు. నీ గొంతు."

ఆ రోజు నుంచి స్వరూప ఇంట్లో మాట్లాడలేదు. నలభై రోజులు దాటాక వాకిలి మూసుకుంది, వేపమండలు విప్పేశారు. కొత్తవాళ్లొస్తే లాస్య మళ్లీ తలుపు చాటుకు పోవడం మొదలుపెట్టింది. మొదటిసారి అది చూసినప్పుడు స్వరూపకు గుండెల మీది బండ దిగినట్టయింది. పాలవాడు, పంతులమ్మ, పక్కింటి తాత మాత్రం పిల్లకు సొంతవాళ్లుగానే మిగిలారు. తల్లి అన్నం పెడితే తినేది, జడ వేస్తే వేయించుకునేది. కానీ స్వరూప దగ్గితే గిన్నె వదిలేసి లేచేది. నిద్రలో తను కలవరిస్తానేమోనని స్వరూప వేరే గదిలో, తలుపు వేసుకుని పడుకునేది. చీకట్లో తన నోటికి తనే భయపడేది.

వానాకాలంలో డాక్టర్ జొన్నను కేంద్రానికి తెప్పించి, మళ్లీ మందు వేసి దాని వాకిలి తెరిచి చూసింది. స్వరూప రోజూ కుక్కల గది అవతలి చివర నిలబడి ఒక మాట అనేది, ఉడికించిన గుడ్డు ముక్క విసిరేది. రోజుకు ఒక అడుగు దగ్గరికి. మూడో వారంలో జొన్న లేచి వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టింది. ఆమె పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, అది తోక ఊపుతూనే ఉంది.

"పనిచేసింది స్వరూపా," అంది డాక్టర్. ఆమె కళ్లలో కూడా నీళ్లున్నాయి. "పై కమిటీకి అంతా రాశాను. వాళ్లు ఒప్పుకుంటే లాస్యకు కూడా ఇట్లాగే చేద్దాం. ఈసారి ఇక్కడే, నా కళ్ల ముందు. నీ బిడ్డ నీకు వస్తుంది."

స్వరూప ఆ రాత్రి చాలా నెలల తర్వాత నిద్రపోయింది. తను "లాస్యా" అని పిలిస్తే కూతురు నవ్వుతూ ఉరికొచ్చినట్టు కల వచ్చింది.

నాలుగు రోజులకు కేంద్రం వంటగదిలో ఎవరి చెయ్యో తగిలి స్టీలు గిన్నెల వరస మొత్తం బండల మీద కూలింది. అప్పుడు జొన్న తింటోంది. వాకిలి ఇంకా తెరిచే ఉంది. ఆ పూట నుంచి అది గిన్నెను చూస్తే గజగజలాడేది. అన్నం మెతుకులు నేల మీద చల్లితే, మనుషులంతా గదిలోంచి పోయాక, నాలుగు తిని మిగిలినవి వదిలేసేది. పక్కటెముకలు తేలాయి.

కమిటీ ఒప్పుకున్న కాగితం వచ్చిన రోజు స్వరూప డాక్టర్ గదికి పోయింది. కూర్చోలేదు.

"వద్దు మేడం."

"జొన్నకు జరిగినట్టు జరగనివ్వను. చప్పుడు రాని గది కట్టిద్దాం."

"నలభై దినాలు ఉరుము రాకుండ ఆపగలుగుతరా? దానికి జరమొస్తే, సూది ఎయ్యాల్సొస్తే? నా గొంతు మీది భయం పోయి అన్నం మీద భయమైతే నేనేం జెయ్యాలె? వాళ్ల బాపు మీదైతే? ఇప్పుడు నా ఒక్కదానితోని పోతాంది. నన్ను జూసి భయపడ్డా బిడ్డ తింటాంది, నిద్రవోతాంది, బడికి పోతాంది." ఆమె కమిటీ కాగితాన్ని డాక్టర్ వైపు జరిపింది. "నాకు ఆశ పుట్టింది మేడం. అది నా కోసం పుట్టిన ఆశ. గా ఆశ మీదనే నాకు భయమైతాంది."

నిరుపమ కాగితాన్ని మడిచింది. దాన్ని సొరుగులో పెడుతూ అంది, "నేనే అడగకుండా ఉండాల్సింది." ఆ నెలాఖరుకు ఆమె మందు పని ఆపేసింది. జొన్నను సదానందం ఇంటికి తెచ్చుకున్నాడు. అది పెరట్లో, చింతచెట్టు కింద మట్టి మీద తినడం నేర్చుకుంది.

బతుకమ్మ పండుగ ముందు ఆదివారం. గడప మీద కూర్చుని స్వరూప లాస్య తల దువ్వుతోంది. పిల్ల ఒకటో తరగతిలోకి వచ్చింది. సగం జడ అయ్యాక, ముందుకే చూస్తూ, లాస్య అంది.

"అమ్మా, ఒక్క మాట అను."

స్వరూప చేతులు ఆగిపోయాయి.

"చిన్నది. నేను చెవులు మూసుకుంట." పిల్ల రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. మోచేతులు అప్పుడే వణుకుతున్నాయి. "నా పేరొద్దు. వేరేది."

స్వరూప తల అడ్డంగా ఊపింది. పిల్ల వెనక్కి చూడటం లేదని గుర్తొచ్చింది. లేచి పోదామనుకుంది. ఈ కూర్చున్నది కూడా పోతుందేమో, రేపటి నుంచి జడ కూడా వేయించుకోదేమో. అరచేతులు చెమట పట్టి దువ్వెన జారుతోంది. వాకిట్లో ఎవరో తంగేడు పూల మోపుతో పోయారు. సదానందం పెరట్లో జొన్నతో ఏదో మాట్లాడుతున్నాడు. లాస్య చెవులు మూసుకుని ఎదురుచూస్తూనే ఉంది.

స్వరూప తనకు తెలిసిన మాటలన్నీ వెతికింది. అన్నీ పెద్దవిగానే కనిపించాయి. చివరికి పెదాలు కూడా విప్పకుండా, ఊపిరంత మెల్లగా అంది.

"ఊఁ."

పిల్ల భుజాలు చెవుల దాకా లేచాయి. వెన్నంతా బిగుసుకుంది. కాళ్లు గడప మీద నుంచి జారి నేలను తొక్కి పట్టుకున్నాయి, ఉరకడానికి. స్వరూప కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచి చూస్తే లాస్య అక్కడే ఉంది. బుగ్గలు తడిశాయి. ఒక చెయ్యి చెవి మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండోది ఇంకా చెవి మీదే ఉంది.

"మళ్ల రేపు," అంది వణుకుతూ. "ఇయ్యాలకు చాలు."

స్వరూప దువ్వెన మళ్లీ అందుకుని మిగిలిన సగం జడ అల్లింది.